తన్నిన గిన్నె

వాయిలాకు వేసి కాచిన నువ్వుల నూనె. ఆ ఆకు కోసం నేను చర్ల అడివంతా తిరిగిన. మా ఆయన సారంగపాణి ఒక్క తన్ను తన్నిండు, గిన్నె పోయి గోడకు తగిలింది.

"ఏందయ్యా గిది! నూనె మొత్తం నేలపాలు జేస్తివి. జరసేపు సక్కగ కూసోరాదా?" అని మీదికి లేచిన.

మా ఊరి వైద్యుడు చెప్పినట్టు ఆయన రెండు అరికాళ్లకు నూనె పట్టించి, కింద వెదురు బొంగు పెట్టి దొర్లిస్తున్న.

"నేనేం జేయాలె అనంతమ్మా? కితకితలైతున్నయ్!" అని పకపక నవ్వబట్టిండు.

ఆ నవ్వు చూసి నాకు ఇంకింత మండింది. కావాలనే బొంగు జల్దీ జల్దీ దొర్లించిన.

"వద్దే, నీ కాల్మొక్త! ఆపే!" అని మంచం మీద మెలికలు తిరిగిండు. పక్కింటోళ్లు గోడ మీదికెల్లి తొంగి చూసిండ్రు. నాకు సుత నవ్వు ఆగలే.

నవ్వుతనే గిన్నె దిక్కు చూసిన. చేతిల బొంగు జారిపోయింది.

"ఏమయ్యా, గిన్నెను ఏ కాలుతోటి తన్నినవ్?"

ఆయన కిందికి చూసుకున్నడు.

ఎడమ కాలు. పక్షవాతం వచ్చినకాడి నుంచి చీమ కుట్టినా తెల్వని కాలు.

లోపలికి ఉరికిన. సీసల మిగిలిన నూనెంతా గిన్నెల వంచి, తెచ్చి ఆ కాలు ముందర పెట్టిన.

"మల్ల తన్ను!"