అన్ని గేట్ల దగ్గరా పోలీసులే

"సర్వర్ మీ ఇంట్ల పెట్టినప్పుడే నాకు డౌటుండె" అంటూ ముఖేష్ కిట్టు చొక్కా పట్టుకున్నాడు.

హాస్టల్ మంచం మీద ఒక ల్యాప్‌టాప్, దాని పక్కన రెండు ఫోన్లు. రెండు ఫోన్లలోనూ క్యాంపస్ మ్యాపు, దాని నిండా ఎర్రచుక్కలు. ఎక్కడ పోలీసులు కనబడినా, చూసినవాళ్లు ఫోనులో నొక్కితే మ్యాపులో అక్కడ ఎర్రచుక్క పడుతుంది. ఎమ్సీఏ చదివే ఆ ఇద్దరూ కలిసి తయారుచేసిన యాప్ అది. తెలంగాణ కోసం విద్యార్థుల ర్యాలీ ఆ రోజే. చుక్క లేని గేటు చూసుకుని బయటపడాలని, ఆండ్రాయిడ్ ఫోను ఉన్న ప్రతివాడి చుట్టూ పదిమంది మూగి ఉన్నారు.

"అన్ని గేట్లకాడ పోలీసులేనట. మన క్లాసు భూమికనేమో హబ్సిగూడ దిక్కు గేటుకాడ నిలబడి ఫోన్ జేస్తున్నది. గాడ ఒక్క టోపీ గూడ లేదంట!"

"అయితే అదే అందరికీ చెప్పమను."

"చెప్పింది. ఎవ్వడు నమ్ముతలేడు. యాప్‌ల ఎర్రగున్నది గదా అంటున్నరు."

కళ్లతో చూసిన మనిషి మాట కన్నా చుక్క మాటే గట్టిదైపోయింది.

"చొక్కా వదిలితే చూస్తాను" అన్నాడు కిట్టు.

"ఏం జూస్తవ్? ముందుగాలనే చెప్పిన. ఎస్‌క్యూలైట్ చాలు, ఎవని డేటా వాని ఫోన్లనే ఉంటది, ఎవ్వడు గెలకలేడు అన్న. ఇన్నవా?"

"ఎవడి ఫోన్లో వాడికే ఉంటే, భూమిక చూసింది నీకెలా తెలుస్తుందిరా? అందుకే కదా మైసీక్వెల్ పెట్టి అంతా ఒకచోట చేర్చింది."

"ఆ ఒకచోటు మీ ఇల్లే ఎందుకైంది?"

"ఇక్కడ కరెంటు ఎప్పుడుంటుందో ఎప్పుడు పోతుందో! మా ఇంట్లో ఇన్వర్టర్ ఉంది. మొదట్లో ఎక్లిప్స్‌లో కూర్చుని యాప్ రాయడం వద్దు, మామూలు వెబ్ పేజీ చాలని కూడా నువ్వే గోల చేశావు. అది వినుంటే, ఈ నత్తనడక నెట్‌లో ఇవాళ ఎవరికీ మ్యాపే తెరుచుకునేది కాదు."

"తెరుచుకుని ఏం జేసింది నీ మ్యాపు? పోరలందర్ని గదుల్ల బందువెట్టింది!"

కిట్టు ల్యాప్‌టాప్ నుంచి ఇంట్లోని సర్వర్‌లోకి వెళ్లాడు. ఏ కబురు ఏ ఫోను నుంచి వచ్చిందో అక్కడ వరసగా కనబడుతుంది. ఆ తప్పుడు వరసలన్నీ తుడిచేశాడు. ఊపిరి తీసుకునేలోపు మళ్లీ పడ్డాయి. కిట్టు చెయ్యి కీబోర్డు మీదే ఆగిపోయింది.

"ఏమైందిరా?"

"ఇవి ఏ ఫోను నుంచీ రాలేదు." అతను తెరను ముఖేష్ వైపు తిప్పాడు. "మా ఇంట్లో, ఆ కంప్యూటర్ ముందే కూర్చుని ఎవరో ఎక్కిస్తున్నారు."

వాళ్లు చూస్తుండగానే ఇంకో చుక్క పడింది.

"ఇంకెవరు? మీ నాయనే! ర్యాలీలు బందు జేసి చదువుకోండ్రి అని నాకు ఎన్నిమాట్ల జెప్పలే?"

కిట్టు ల్యాప్‌టాప్ మూసి ఇంటికి బయల్దేరాడు.

ఇద్దరూ తార్నాక వైపు గేటుకు పరుగెత్తారు. గేటు బార్లా తెరిచి ఉంది. బయట టీ బండి దానయ్య ఖాళీ గ్లాసులు ముందు పెట్టుకుని కూర్చున్నాడు.

"పోలీసులా? ఏడున్నరు బిడ్డా?" అన్నాడు. "పొద్దటిసంది నాకు బోణీయే గాలె. మీ పోరలకు ఏమైంది ఇయ్యాల, అందరికి ఒక్కసారే జరమొచ్చిందా?"

తార్నాకలో కిట్టు ఇంటి తలుపు తీసింది తండ్రి కొండలరావు.

"అంకుల్, సర్వర్ మీద కూసున్నది మీరేనా?" అన్నాడు ముఖేష్, చెప్పులైనా విప్పకుండా.

కొండలరావు బిత్తరపోయాడు. "దాని మీద కూర్చోవడమేంటయ్యా! అది దేవుడి గదిలో ఉంటేనూ!"

ఇన్వర్టర్ లైను ఆ ఒక్క గదికే ఉండటంతో కిట్టు కంప్యూటర్ని అక్కడ పెట్టాడు. దసరాకి దానికీ బొట్టు పెట్టారు. ఇప్పుడా గది తలుపు ఓరగా వేసి ఉంది. లోపల్నుంచి కీబోర్డు చప్పుడు వస్తోంది.

ముఖేష్ తలుపు తోశాడు. దీపం వెలుగులో, పీట మీద, కళ్లజోడు పెట్టుకుని కూర్చుని ఉంది కిట్టు తల్లి విశాలాక్షి.

"అమ్మా! నువ్వా?"

"నువ్వే కదరా నేర్పావు, సరిగ్గా పనిచేస్తోందో లేదో చూడాలి, నాలుగు వరసలు ఎక్కించమ్మా అని." ఆమె కీబోర్డు పక్కకి జరిపింది. "పోలీసులు ఉన్నారంటే పిల్లలు గదుల్లో ఉంటారు. లేరంటే వెళ్లి తలలు పగలగొట్టుకుంటారు. దేవుడి ముందు కూర్చుని అబద్ధం రాస్తున్నానని నాకు తెలీదా? ఏది పెద్ద పాపమో ఆయన్నే తేల్చమన్నాను."

ముఖేష్ గడప దాటి ముందుకొచ్చాడు.

"మీ కొడుకు కోసం మా అందరి కాళ్లు కట్టేస్తరా ఆంటీ? మా తల్లులు ఇట్ల జెయ్యరు. మా అమ్మనైతే, కొట్లాడి రా బిడ్డా అని బొట్టువెట్టి పంపుతది!"

విశాలాక్షి కళ్లజోడు తీసి కొంగుతో తుడుచుకుంది. "నాకు టైపు కొట్టడమే వచ్చు బాబూ. మీ గేట్లు, మీ సందులు, మీరు దూకే గోడలు నాకెలా తెలుస్తాయి?" అని తలుపు వెనక్కి చూసింది.

ముఖేష్ తలుపు లాగాడు. తలుపు వెనక గోడకు ఆనుకుని, బస్సు దుమ్ము ఇంకా దులుపుకోని చీరలో, ఒళ్లో సంచితో, ఊళ్లో ఉండాల్సిన అతని తల్లి శివమ్మ కూర్చుని ఉంది.

"నువ్వు ఫోన్ల జెప్పిన తొవ్వలన్ని అక్కకు జెప్పిన బిడ్డా" అంది ఆమె. "ఇంకేదన్న మరిచిన్నా?"