ఎముకలు కట్టే చేతులు

మా ఊళ్ళో ఎముక విరిగినవాడెవడైనా నా అరుగెక్కాల్సిందే. కాలవ రేవులో జారిపడ్డ మా ఆవిడ సూర్యకాంతం మోకాలు నొక్కి చూసి, విరగలేదని నేనే తేల్చాను. కుంటుకుంటూనే వండి పెట్టింది.

వాపు తగ్గక రాజమండ్రి తీసుకెళ్తే, డాక్టరు ఎక్స్‌రే లైటు ముందు పెట్టి చిప్ప కింద చీలిక చూపించాడు.

"మీ మిషను అబద్ధమాడుతోందండీ," అన్నాను.

డాక్టరు అటు వెళ్ళగానే సూర్యకాంతం గొంతు తగ్గించింది.

"విరిగిందని నాకు పడ్డప్పుడే తెలుసండీ."

"చెప్పి చావొచ్చుగా?"

"చెప్తే మీ చేతులకి స్పర్శ పోయిందని ఊరంతా తెలిసిపోదూ? మసిలే గిన్నె ఒట్టి చేతుల్తో దించేస్తున్నారు. కాలినా తెలీట్లేదు మీకు."

ఇంటికొచ్చేసరికి అరుగు మీద ఒకడు వాచిన మోచెయ్యి పట్టుకుని కూర్చున్నాడు. నన్ను చూసి లేచాడు.

చేతులు కండువా కింద దాచుకుని, "రాజమండ్రి పో. ఎక్స్‌రే తీయించుకో," అన్నాను.