సగం గూడు

గిజిగాళ్ళలో ఒక ఆచారం ఉంది. మగపిట్ట గూడు సగం అల్లి ఆగుతుంది. ఆడపిట్ట వచ్చి, లోపల కూర్చుని, ముక్కుతో లాగి చూసి సరేనంటేనే మగపిట్ట మిగతా సగం అల్లుతుంది.

ఈ ఏడు తుమ్మచెట్టు మీది గిజిగాడు ఆ ఆచారం మానేశాడు. వెయ్యి తోపులు తిరిగొచ్చిన రామచిలుక ఒకటి పక్కన చేరి, ఎక్కడ కట్టాలో, ఏ పోచ తర్వాత ఏ పోచ వెయ్యాలో గడగడా చెబుతుంటే, రెండు రోజుల్లో గూడంతా అల్లేసి ఆడపిట్టను పిలిచాడు.

ఆమె ఒక్క చుట్టు ఎగిరి మండిపడింది.

"పడమటి కొమ్మకి కట్టావేం? ఇక్కడ వాన కొట్టేది అటునుంచే కదా! నా గుడ్లు ఏం కావాలి?"

"చిలుక అలాగే చెప్పింది," అని నసిగాడు గిజిగాడు.

"దానిది ఈ తోపు కాదు, తెలీదు. నువ్వు పుట్టిందే ఈ చెట్టు మీద! సగంలో ఆపి నన్నొక్క మాట అడిగితే నీ సొమ్మేం పోయింది?"

చిలుకకు రోషం వచ్చింది. "వెయ్యి తోపుల్లో గూళ్ళు చూశానమ్మా నేను!"

"చూశావు సరే. జోరువానలో ఒక్క గూట్లోనైనా గుడ్లు పొదిగావా?"

గిజిగాడు తూర్పు కొమ్మకు ఎగిరి కొత్త పోచ ముడేశాడు. గూడు సగం కాగానే ఆగి, ఆమె వైపు చూశాడు.