గుండీల డబ్బాలో చీమలు

"నిద్రమాత్ర తగ్గించేటప్పుడు అందరూ నానా అవస్థ పడతారు. మీకు ఒక్కరోజు కూడా నిద్ర చెడలేదంటే ఆశ్చర్యంగా ఉందమ్మా," అంది డాక్టరమ్మ. "గీకిన పొడి ఇంట్లో ఉంచొద్దు, తెచ్చి ఇచ్చేయండి."

నాది బట్టలు కుట్టే చెయ్యి. పదకొండేళ్లుగా మింగుతున్న మాత్రను ఆవిడ చెప్పినట్టే బ్లేడుతో వారం వారం కాస్త ఎక్కువగా గీకి, మిగిలిందే మింగుతున్నాను. ఆ పొడిని పాత గుండీల డబ్బాలో దాచుకున్నాను. నాలుగు నెలల నా గెలుపు అది.

ఇంటికొచ్చి డబ్బా తీశాను. చీమలు పట్టాయి.

ఆ మాత్రలో తీపేమీ ఉండదు. చీమలెందుకు పడతాయి? పొడి నాలుకకు అద్దుకున్నాను. చక్కెర. ఇన్నాళ్లూ నేను గీకి మింగింది మాత్రలు కావు, వాటి సీసాలో ఎవరో మార్చి పెట్టిన చక్కెర బిళ్లలు.

సాయంత్రం మా ఆయన పాలగ్లాసుతో వచ్చారు. నాలుగు నెలలుగా రోజూ ఆయనే కాచి ఇస్తున్నారు. తీపి వెయ్యని పాలను అంతసేపు ఎందుకు కలుపుతారో ఇప్పుడు తెలిసింది.

గ్లాసు ఆయనవైపు జరిపాను. "ఈరోజు మీరు తాగండి."

ఆయన ముట్టుకోలేదు.

"నేను అవస్థ పడతానని అసలు మాత్ర పాలల్లో కలిపారా?" అన్నాను. అవునంటే క్షమించేసేదాన్నేమో.

ఆయన అబద్ధం ఆడలేదు. "నువ్వు ఎనిమిదింటికల్లా పడుకునేదానివి. ఆ తర్వాత ఇల్లంతా నాదే. మేలుకున్న నీతో ఏం మాట్లాడాలో నాకు తెలీట్లేదు."

ఆ మాత్రకు అలవాటు పడింది నేనొక్కదాన్నే అనుకున్నాను.