జోడు బట్ట

“ఆర్నెల్లు గూడ కాలే గురునాథన్నా! చూడు, మోకాళ్ళల్లకెల్లి అవుతలి బజారు కనపడ్తాంది!”

కెజియా ప్యాంటును కౌంటర్ మీద పరిచి, మోకాలి చిల్లులో చెయ్యి దూర్చి వేళ్ళు ఆడించింది. పక్కనే ఉన్న ఆమె భర్త జీవరాజ్, ఆ వేళ్ళు తనకే గుచ్చుకున్నట్టు మొహం తిప్పుకున్నాడు.

గురునాథ్ కళ్ళద్దాలు సర్దుకుని ప్యాంటును ముందు చూశాడు, తిరగేసి వెనక చూశాడు. బీదర్‌లో ముప్పై ఏళ్ళుగా ప్యాంట్లు అమ్ముతున్న మనిషి. ఎక్కడ అరిగిందో చూసి ఎవరేం పని చేస్తారో చెప్పేస్తాడు.

“అన్న ఏం పని జేస్తడక్కా?”

“నౌబాద్‌ల పైపుల ఫ్యాక్టరీ. సూపర్‌వైజర్.” ఆ మాటను ఇస్త్రీ చేసి మడత పెట్టినట్టు చెప్పింది కెజియా. “కుర్చీల కూసునే నౌకరి.”

“కుర్చీల కూసుంటే ఎనక అరగాలె. గిదేంది, ఎనక కొత్తగనే ఉన్నది, ముందల్నే పాయె? అయినా ఆ ఫ్యాక్టరీ...”

గురునాథ్ మాట అక్కడే ఆగిపోయింది. కెజియా భుజం వెనక నుంచి జీవరాజ్ అతన్నే చూస్తున్నాడు. చేతులు జోడించలేదు గానీ, ఆ చూపు జోడించినట్టే ఉంది.

“ఆ ఫ్యాక్టరీకేమైంది?” అంది కెజియా.

“ఏం లేదక్కా. మొన్న ఆ దిక్కు పోయిన. గేటు మంచిగున్నది.”

“అరిగింది కుర్చీకి కాదన్నా, ప్రార్థనకు. డ్యూటీ కంటె గంట ముందే పోయి మందిరంల మోకాళ్ళ మీదుంటడు మాయన. పోయిన ఆదివారం పాస్టరయ్య సంఘం ముందల నిలబెట్టి చూపెట్టిండు. విశ్వాసి ప్యాంటు గిట్ల అరగాలె అన్నడు. అందరు ఆమెన్ అన్నరు. కొత్తది కొనిస్తమని ఒక్కరు అనలె.”

“చాల్తియ్యి కెజియా,” అన్నాడు జీవరాజ్. “అన్నా, ఆ నీలంది ఒకటి తియ్యి. ఆఫీసుకు మంచిగుంటది.”

గురునాథ్ తీశాడు. నున్నగా, మెరుస్తూ ఉంది. కెజియా దాన్ని తీసుకుని గుమ్మం దగ్గరికి వెళ్ళి, సిమెంటు మెట్టు మీద మోకాలి భాగాన్ని అయిదారుసార్లు గట్టిగా రుద్దింది.

“అక్కా! ఇంకా కొననే లేదు!”

“కొన్నంక రుద్దితే ఏం ఫాయిదా? చూడు, పోగులు లేస్తున్నయ్. ప్రార్థనకు ఆగది ఇది.” వెలుగుకు పట్టి చూసి, కౌంటర్ మీద పడేసింది. “ఆ పైన బూడిద రంగుది ఉన్నది గదా, మోకాళ్ళ కాడ జోడు బట్ట ఏసి కుట్టింది. అది తియ్యి.”

గురునాథ్ నసిగాడు. “అది మేస్త్రీలు, టైల్స్ ఏసేటోళ్ళు కొంటరక్కా. పనికి అదే, బయటికి అదే. ఏండ్లు గడిచినా చిరగది. గానీ సూపర్‌వైజర్ అంటున్నరు...”

“నాకొద్దు!” జీవరాజ్ గొంతు అవసరానికి మించి లేచింది. “కూలోని లెక్క కనపడ్త. నలుగురు ఏమనుకుంటరు?”

“ఆ నలుగురు మీ చిల్లులు చూసి ఆమెన్ అన్నోళ్ళే గద షెకినా డాడీ,” అంది కెజియా, భర్తను కూతురి పేరుతో పిలుస్తూ.

“రంగు గూడ సిమెంటు లెక్కనే ఉన్నది.”

“ఉండనీయుండ్రి. మురికి కనపడది. పిండేది మీరా, నేనా?”

జీవరాజ్ ఆ ప్యాంటు చేతిలోకి తీసుకున్నాడు. నడుము చూడలేదు, పొడవు చూడలేదు. అతని బొటనవేలు నేరుగా మోకాలి మందం మీదికి పోయి, అక్కడే కాసేపు ఆగింది. ఆ వేలి గోరు చుట్టూ తెల్లగా ఏదో గడ్డకట్టి ఉంది. గురునాథ్ చూశాడు. జీవరాజ్ చెయ్యి వెనక్కి లాక్కున్నాడు.

“సరే, నీ ఇష్టం,” అన్నాడు, తన మాట నెగ్గనందుకు బాధపడుతున్నట్టు మొహం పెట్టి. “జల్ది రా. మూడైతాంది, నీ స్త్రీల ప్రార్థన కూడికకు ఆలస్యమైతది. ఏడు నెలల సంది ఒక్కనాడు తప్పలే నువ్వు, ఇయ్యాల నా ప్యాంటు కోసం తప్పుడెందుకు? నేను బండి తిప్పుత.”

అంగడి మెట్లు మూడే. మూడింటికీ గోడ పట్టుకుని దిగాడు.

గురునాథ్ ప్యాంటు మడతపెడుతూ గొంతు తగ్గించాడు. “అక్కా, నడుమల నేను జొరబడొద్దు. గానీ నీకెవరన్న చెప్పాలె. ఆ ఫ్యాక్టరీకి...”

“తాళం పడి ఏడు నెలలైంది.”

గురునాథ్ చేతులు ఆగిపోయాయి.

“మా మందిరంల తివాచి పరుస్తరన్నా. మోకాళ్ళకు మెత్తగుంటది,” అంది కెజియా, పాత ప్యాంటును సంచిలో కుక్కుతూ. “ఆయన ప్యాంట్లు నానేస్తే బకెట్ల అడుగున సిమెంటు పేరుకుంటది. టైల్స్ సందులల్ల నింపే తెల్ల పొడి పేరుకుంటది. ఏడు నెలల సంది పారబోస్తున్న.”

“మరి అడగలేదా?”

“అడిగితే చెప్తడు. చెప్పినంక ఆదివారం ముందు వరుసల కూసోలేడు. ఆయనకు మిగిలింది ఆ వరుసొక్కటే.”

బయట బండి హారన్ రెండుసార్లు మోగింది. కెజియా అటు చూసి, చీర కుచ్చిళ్ళు మోకాళ్ళ దగ్గర ఒకసారి సవరించుకుని, కౌంటర్ మీదికి వంగింది.

“జల్ది, ఇదే ప్యాంటు ఇంకోటి కట్టియ్యన్నా, నా సైజుది, చీర లోపల ఏస్కుంట. నేను రోజు పోయే కూడిక నాలుగిండ్లల్ల మోకాళ్ళ మీద బండలు తుడుసుడే.”