మెట్లు లేని ఇల్లు

"ఎలా తగిలింది?"

తలకి కుట్లు వేస్తూ నర్సు అందరినీ అడిగే ప్రశ్నే అడిగింది.

"మెట్ల మీంచి జారిపడ్డాను" అంది ఆమె.

చెవి తమ్మె రెండుగా చీలింది. మెడ మీద అయిదు వేళ్లూ అచ్చుపడి ఉన్నాయి.

అయినా నర్సు కేసుల పుస్తకంలో ఆ మాటే రాసేసింది. పేషెంటు ఏది చెబితే అది రాయడం అక్కడి పద్ధతి.

గుమ్మం పక్క బెంచీ మీంచి ఓ పెద్దాయన తలెత్తాడు.

"మీ ఇంటికి మెట్లున్నాయా అమ్మా?"

"ఒక్కటే గదండీ. రోడ్డుకి సమంగా ఉంటుంది" అంది ఆమె.

నర్సుకి ఒళ్లు మండింది. ఈయనకి రోగమా, నొప్పా, ఏమీ లేదు. వారానికి రెండుసార్లు వచ్చి కూర్చుంటాడు. దెబ్బలు తిన్నవాళ్లని చూసి ఏదో రాసుకుంటాడు. ఆయాలు 'నెత్తురు తాత' అని పేరు కూడా పెట్టారు.

"పెద్దాయనా, మీరేమన్నా పోలీసా?"

"రాసింది కొట్టేసి ఇంకోసారి అడగండమ్మా. చెబుతుందేమో."

"నాకు పని నేర్పకండి."

ఆ కోపంలోనే నర్సు ఆయా వైపు తిరిగింది.

"నిన్న ఆ దెయ్యాల నవల అయిపోయింది. ఇందులోనూ పెళ్లాన్ని చంపబోయిన రాక్షసుడు చివరికి మెట్ల మీంచి దొర్లి చచ్చాడు. ముప్పై నవలలు, ముప్పైమందికీ అదే చావు. ఆ రచయితకి ఇంకో చావే దొరకదేమో."

"మరి ముప్పై ఎందుకు చదివారు సిస్టర్?"

"చేతికి దొరికితే వదలబుద్ధి కాదు."

పెద్దాయన చిన్నగా నవ్వాడు. "బుర్ర తక్కువ మనిషిలెండి" అన్నాడు.

తలుపు దడాలున తెరుచుకుంది. పేషెంటు మొగుడు. వరండాలోని సెలైన్ స్టాండు చేతిలో ఉంది.

"ఎవరికేం చెప్పావే?"

నర్సు చేతిలో సూది ఆగిపోయింది. దారం ఇంకా ఆమె తలలోనే ఉంది. లేచి పారిపోవడానికి కూడా లేదు.

స్టాండు గాల్లోకి లేచింది. పెద్దాయన అడ్డం వచ్చాడు.

మొదటి దెబ్బకి చెయ్యి విరిగింది. ఎముక విరిగిన చప్పుడు ఆ గదిలో అందరూ విన్నారు. ఆయన కదల్లేదు.

రెండో దెబ్బకి కళ్లద్దాలు పగిలి కంట్లో దిగాయి. అప్పటికీ కదల్లేదు.

మూడోది నడినెత్తిన పడింది. గోడంతా నెత్తురు చిందింది.

వాచ్‌మన్లు వచ్చి వాణ్ణి కింద పడేసేసరికి పెద్దాయన నర్సు ఒళ్లో ప్రాణం వదిలాడు.

నర్సు సిగ్గుతో చచ్చిపోయింది. కేసుల పుస్తకం తీసి, తను రాసింది కొట్టేసింది.

"ఇప్పుడు చెప్పమ్మా."

"మా ఆయన కొట్టాడు" అంది ఆమె.

రాసింది.

కింది వరసలో పెద్దాయన పేరు రాయాలి. అదెవరికీ తెలియదు. ఎక్కడన్నా రాసుకుని ఉంటాడేమోనని ఆయన జేబులోంచి తడిసిన పుస్తకం తీసింది.

పేరు లేదు. ఒక్కో పేజీలో ఒక్కో ఆడమనిషి వయసు, దెబ్బల వివరం, కింద ఆమె చెప్పిన మాట: 'మెట్ల మీంచి జారిపడ్డాను.'

అలాంటి పేజీలు ముప్పై ఉన్నాయి. ప్రతిదాని అడుగునా ఎర్రసిరాతో నర్సు చదివిన ఒక్కో నవల పేరు, దాని పక్కనే, 'వీణ్ణి నేను తోసేశాను.'