అడ్డం వచ్చిన మనిషి

కెమెరాకి ఎవరో అడ్డం వచ్చారు.

"పెద్దాయనా, జరుగు! లైవ్ వెళ్తోంది," అని అరిచాడు టీవీ విలేకరి ప్రసన్నకుమార్.

మార్టూరు దగ్గర హైవే పక్కన, గ్రానైట్ పాలిష్ యూనిట్ గేటు ముందు ఒక కుర్రాడు కత్తిపోట్లతో పడి ఉన్నాడు. పొడిచినవాడు పారిపోయాడు. అంబులెన్స్ ఇంకా రాలేదు. మూగిన జనమంతా ఫోన్లు పైకెత్తి తీస్తున్నారు.

ముసలాయన కదల్లేదు. రెండు చేతులూ బార్లా చాపి, కుర్రాడి మొహం కనబడకుండా నిలబడ్డాడు.

"ముందు వాళ్ళింటికి కబురు పోనీ బాబూ. వాళ్ళమ్మ టీవీ చూస్తా ఉంటదేమో."

"నా పని నన్ను చేసుకోనీ. నువ్వెవరయ్యా చెప్పడానికి?"

ప్రసన్నకుమార్ ఎడమకు జరిగితే ఆయనా ఎడమకు జరిగాడు.

కుడికి జరిగితే కుడికి.

విసిగిపోయి భుజం పట్టి తోసేశాడు. ఆయన కంకర మీద పడ్డాడు. మోచెయ్యి చీరుకుపోయింది.

లేచి, మళ్ళీ అక్కడే నిలబడ్డాడు. అంబులెన్స్ వచ్చిందాకా.

కాసేపటికి చానల్ న్యూస్ డెస్క్ నుంచి ఎడిటర్ మాధురి ఫోన్ చేసింది.

"కుర్రాడి మొహం ఒక్క షాట్లోనూ లేదేంటి?"

"ఎవడో ముసలాడు అడ్డమొచ్చాడు మేడమ్."

"అయితే ఆ ముసలాణ్ణే వేద్దాం."

సాయంత్రం వార్తల్లో ఆయన మొహం చుట్టూ ఎర్రటి గీత గీశారు. 'ఎవరీ వృద్ధుడు? నిందితుడు తప్పించుకోవడానికి సాయపడ్డాడా?' అన్నారు. ఆయన మాటలు తీసేసి, దడ పుట్టించే సంగీతం కలిపారు.

ఆ మాటలేమిటో ప్రసన్నకుమార్‌కి తెలుసు. అయినా ఊరుకున్నాడు. అంతకుముందు అతను తీసిన వాటిలో దేన్నీ జనం ఇంతగా చూడలేదు మరి.

కుర్రాడు బతికాడు. పొడిచినవాడు దొరికాడు. ఆ ముసలాయనెవరో తనకు తెలియనే తెలియదని పోలీసులకు చెప్పాడు.

"ఆ ముసలాయనతో రెండు ముక్కలు మాట్లాడించుకురా. సారీ గీరీ చెప్పకు," అంది మాధురి.

అయినా చెప్పాలనే అనుకున్నాడు ప్రసన్నకుమార్, దారి పొడుగునా.

వాకబు చేస్తే పేరు బుల్లయ్య అని తెలిసింది. మిరప కౌలు రైతు. వెళ్ళేసరికి ఇంటికి తాళం వేసి ఉంది. తలుపు మీద రాళ్ళు తగిలిన సొట్టలు.

పక్కింటి ఖైరున్నీసా బయటికి వచ్చింది.

"ఎవరు కావాలి?"

"బుల్లయ్యగారండి."

"వెళ్ళిపోయారు. టీవీలో చూసి ఎవరెవరో వచ్చి తలుపులు బాదారు. హంతకుడికి కాపలా కాస్తావా అని బూతులు తిట్టారు. పొద్దున్నే మొగుడూ పెళ్ళాం బస్సెక్కారు."

"ఎక్కడికెళ్ళారు?"

"చెప్పలా. చేలో కాయ కోతకొచ్చింది. అది కూడా వొదిలేసి పోయారు."

ప్రసన్నకుమార్ తల వంచుకున్నాడు.

"ఆ కుర్రాడు ఆయనకేమన్నా చుట్టమా అండీ?"

"ఎవరూ కాదు."

"మరి అంత పట్టు పట్టి ఎందుకు నిలబడ్డాడు?"

ఖైరున్నీసా అతని చేతిలోని మైకు వైపు చూసింది. దాని మీది చానల్ గుర్తు చూసింది. ఆమె గొంతు మారింది.

"నువ్వే అడుగుతున్నావా బాబూ? ఆయన కూతురు ఆరాధనని గుంటూరులో నడిరోడ్డు మీద పొడిచి చంపితే, చూపించింది మీ వాళ్ళే గదా."

అతను మైకు కిందికి దించాడు.

"ఆరోజు ఈయన మిర్చి యార్డుకి సరుకేసుకెళ్ళాడు. టీకొట్టు టీవీలో ఎవరో పిల్ల రక్తంలో కొట్టుకుంటంటే, అందరితో పాటు తనూ టీ తాగుతా చూశాడంట. కింద పేరు పడిందాకా అది తన బిడ్డేనని తెలవలేదంట."